రియా కూడా మీ పిల్లే

ఈసారి ఉత్తరం ఒడిశాలోని బరంపురం నుంచి. పేరు వద్దన్నారు, వీధి పేరు కూడా వద్దన్నారు, అందుకని కొన్ని గుర్తులు మార్చాను, విషయం మాత్రం మార్చలేదు. రాత్రి పన్నెండు దాటాక కుట్టుమిషన్ పక్కన కూర్చుని నాలుగు రోజులు రాశారట, చాలా పెద్ద ఉత్తరం, అంతా ఇక్కడ పెట్టలేను, ముఖ్యమైనవి చెప్తాను.

ఆవిడ పుట్టిల్లు సోంపేట వైపు, పెళ్ళయి బరంపురం వచ్చి పందొమ్మిదేళ్ళు. అత్తింటివాళ్ళు ఒకప్పుడు పట్టుచీరలు నేసినవాళ్ళే, ఇప్పుడు ఇంట్లో మగ్గం లేదు, ఆయన సూరత్‌లో పవర్‌లూమ్ మీద పని చేస్తారు, దసరాకి ఒకసారి ఎండల్లో ఒకసారి వస్తారు. ఈవిడ ఇంట్లోనే జాకెట్లు కుడతారు, ఫాల్ వేస్తారు, పీకో చేస్తారు. ఒక్కతే కూతురు, పదహారు నిండాయి, ప్లస్ టూ మొదటి సంవత్సరం. ఇంట్లో బుజ్జి. పొద్దున్నే ముగ్గు వేస్తుంది, శనివారం రామాలయానికి వస్తుంది, ఎదురు మాట్లాడదు, వీధిలో అందరూ పిల్లంటే అలా ఉండాలి అంటారు.

గత నెల ఒక కస్టమరు చేతుల మోడల్ చూపిద్దామని ఫోన్‌లో ఫోటోలు తిప్పుతూ, ఇదిగో ఇలా కుట్టు అని ఒక అమ్మాయి ఫోటో చూపించింది. గోపాలపూర్ బీచ్, విరబోసిన జుట్టు, ముక్కుపుడక లేదు, పేరు రియా, వయసు పందొమ్మిది, భువనేశ్వర్‌లో కాలేజీ అని రాసుంది. ఎవరో మా బుజ్జి పోలిక అనుకున్నారు ఈవిడ. తర్వాత ఆ టాప్ చంక కింద కన్ను పడింది. గుడ్డ చాలక వేరే ముక్క వేసి, కనబడకుండా పైపింగ్ తిప్పిన అతుకు. "మొహం చూసి గుర్తుపట్టలేదండీ నా కూతుర్ని, నేను వేసిన అతుకు చూసి గుర్తుపట్టాను" అని రాశారు.

ఆ రాత్రే బ్యాగు వెతికారు. సిగరెట్ పెట్టెలో ఉండే వెండి కాగితం ముక్కలు, అడుగున మసి, పైన నత్త పాకినట్టు గోధుమరంగు గీత. చుట్టలా చుట్టిన పదిరూపాయల నోటు. రెండో ఫోను. చాక్లెట్ రేకులనుకుని నెలల తరబడి ఊడ్చి పారేస్తున్నానండీ అంటారు. ఫోన్‌లో చాటింగంతా ఒడియా, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. "నేను రాసే తెలుగు దానికి చదవరాదు, అది రాసేది నాకు చదవరాదు." పిల్లని కూర్చోబెట్టి అడిగితే రెండు రోజులు ఒట్లు పెట్టింది, మూడో రోజు చెప్పింది, బ్రౌన్ షుగర్, ఎనిమిది నెలల నుంచి. ట్యూషన్ దగ్గర పరిచయమైన ఒకడున్నాడు, ఇరవై రెండేళ్ళుంటాయి, అన్నా అని పిలుస్తుంది. మొదట ఊరికే ఇచ్చాడు. తర్వాత డబ్బులు. పిల్ల చెవి దుద్దుల స్థానంలో గిల్టువి ఉన్నాయి, ఈవిడ చూసుకోలేదు. ఈమధ్య డబ్బుల బదులు చిన్న చిన్న పొట్లాలు స్టేషన్ వైపు ఇంకొకరికి ఇచ్చి రమ్మంటున్నాడట. మూడు నెలలుగా నెలసరి లేదు. "నాన్నకి చెప్తే చచ్చిపోతా, నేనే మానేస్తా" అంటోంది.

తెలిసింది మరిదికి ఒక్కడికే. ఆయన మూడు దారులు చెప్పాడు. ఇచ్ఛాపురం సంబంధం ఒకటుంది పెళ్ళి చేసేద్దాం, లేకపోతే సోంపేట అమ్మమ్మ దగ్గరికి పంపేద్దాం, లేకపోతే భువనేశ్వర్‌లో ఆర్నెల్లు ఉంచుకునే సెంటర్ ఉంది అందులో పడేద్దాం. పక్కింటావిడకి అసలు సంగతి తెలియదు, పిల్ల వాలకం చూసి గాలి సోకింది, లోపల ఇంకెవరో ఉన్నారు అంటోంది. ఉత్తరం చివర్లో ఇలా రాశారు: "ఆ రియాని ఎలాగైనా మాయం చేసి నా బుజ్జిని నాకు ఇప్పించండి. ఒక్క మాట చెప్పండి, ఏం చెయ్యమంటే అది చేస్తాను."

అమ్మా, ఆ ఒక్క మాట నా దగ్గర లేదు. నేను డాక్టర్ని కాను. పర్లాకిమిడి దాన్ని, ముప్పై ఏళ్ళు ఒడియా మీడియం స్కూల్లో పాఠాలు చెప్పాను, మా ఇంట్లోనే ఒక తమ్ముడు ఈ దారిలో వెళ్ళాడు, అది తర్వాత చెప్తాను. నాకు తెలిసిన దారులు, ఒక్కో దారిలో వెళ్తే ఏమవుతుంది అనేది మీ ముందు పెడతాను, ఏది అనేది మీరూ మీ పిల్లా తేల్చుకోవాలి. కానీ రెండు విషయాలు మాత్రం దారులు తేలేదాకా ఆగవు, అవి ముందు.

ఒకటి, చచ్చిపోతా అన్న మాట. బెదిరింపా నిజమా అని మీరు తూకం వెయ్యొద్దు, నిజమే అనుకోండి. ఈ రాత్రి పక్కన పడుకుని నేరుగా అడగండి, "చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా, ఎలా అని కూడా అనుకున్నావా" అని. అడిగితే లేనిపోని ఆలోచన పెట్టినట్టవుతుందేమో అని అందరం భయపడతాం, అలా అవ్వదు, అడిగేవాళ్ళు ఉన్నారని తెలిస్తే పిల్లలకి కొంచెం ఊపిరి ఆడుతుంది. ఇంట్లో నిద్రమాత్రలు, బీపీ బిళ్ళలు, ఎలకలమందు, యాసిడ్ ఉంటే ఇంట్లోంచే తీసేయండి, దాచడం కాదు. పిల్లని కొన్ని రోజులు ఒంటరిగా వదలొద్దు. రాత్రిపూట చెయ్యి దాటేలా అనిపిస్తే 14416 కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, భాష ఎంచుకోవచ్చు, తెలుగు కూడా ఉంటుంది.

రెండోది ఊపిరి. ఈ మత్తు ఎక్కువైతే మనిషి గుండె ఆగి పోవడం కన్నా ముందు ఊపిరి తీసుకోవడం మర్చిపోతుంది. పిల్ల పడుకుంది కదా అని వదిలెయ్యకుండా చూడండి, లేపితే లేవకపోవడం, ఊపిరి చాలా నెమ్మదిగా రావడం, గొంతులో గురగుర, పెదాలు గోళ్ళు నీలంగా మారడం, కంటిపాప గుండుసూది మొనంత ఉండటం, ఇవి కనిపిస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టి 108. వచ్చినవాళ్ళకి జ్వరం అని, ఏమీ తినలేదని కథలు చెప్పొద్దు. బ్రౌన్ షుగర్ అని చెప్పండి, దానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది, ఏం తీసుకుందో తెలిస్తే ఆలస్యం లేకుండా అది ఇవ్వగలరు.

ఇక అసలు విషయం. మీరు ఒకచోట "గంజాయి లాంటిదేనా అండీ ఇది" అని అడిగారు. మన పక్క కోరాపుట్, మల్కాన్‌గిరి కొండల్లో గంజాయి పండుతుంది, బస్సుల్లో రైళ్ళలో పట్టుకున్నారని చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాం కాబట్టి మత్తు అంటే మనకి అదే గుర్తొస్తుంది. ఇది వేరే. నల్లమందు గసగసాల మొక్కనుంచి వస్తుంది చూడండి, దాన్నుంచే తయారుచేసిన హెరాయిన్‌ని నానా చెత్తా కలిపి అమ్మితే బ్రౌన్ షుగర్. ఆ కలిపింది ఏంటో ఎంతో అమ్మేవాడికే తెలియదు. రేకు మీద పెట్టి కింద అగ్గిపుల్ల గీసి ఆ పొగని నోటు గొట్టంతో పీలుస్తారు, మీకు దొరికిన నత్త గీత అదే. ఇది కొన్ని వారాలు రోజూ వాడితే చాలు, ఒళ్ళు దానికి అలవాటుపడి, లేకపోతే జబ్బు పడుతుంది.

మీ ఉత్తరంలో ఒక వాక్యం నేను మూడుసార్లు చదివాను. "ప్రతి ఆదివారం దీనికి జలుబు చేసేది, ముక్కు కారేది, ఒకటే ఆవలింతలు, ఒళ్ళు గగుర్పొడిచేది, కాళ్ళు పీకుతున్నాయని ఏడ్చేది, కషాయం పెట్టేదాన్ని, సోమవారం సాయంత్రానికి తగ్గిపోయేది." అమ్మా, ఆదివారం ట్యూషన్ లేదు. శనివారం సాయంత్రం తర్వాత మళ్ళీ సోమవారం సాయంత్రం దాకా దానికి సరుకు లేదు. చివరిసారి తీసుకున్న 8 నుంచి 24 గంటల్లోపు ఈ బాధలు మొదలవుతాయి, అంటే సరిగ్గా ఆదివారం. మీ కషాయం పనిచేసిందనుకున్నారు, సోమవారం పనిచేసింది. ఇది మిమ్మల్ని నొప్పించడానికి చెప్పడం లేదు, పిల్ల సరదాకి తిరుగుతోందని మరిది అంటున్నారు కదా, సరదా దాటి చాలా రోజులైంది, ఆ పిల్ల ఇప్పుడు మత్తు కోసం కాదు, ఆదివారం రాకుండా ఉండటం కోసం తీసుకుంటోంది.

నెలసరి సంగతి మీరు ఉత్తరం అంచున చిన్న అక్షరాలతో రాశారు. ఈ మందు దానంతట అదే నెలసరిని ఆపేస్తుంది, చాలామంది ఆడపిల్లల్లో జరిగేదే. అయినా ఆస్పత్రిలో ఒక పరీక్ష చేయించండి, అనుమానం మనసులో పెట్టుకుని రోజూ దాని పొట్టవైపు చూడటం కన్నా అది మేలు.

ఇప్పుడు రియా. మీరు అన్నిటికన్నా ఎక్కువ ఏడ్చింది దీనికే అని నాకు అర్థమైంది. బ్రౌన్ షుగర్ అన్న మాట రెండు పేజీల్లో ఉంటే రియా అన్న పేరు ఆరు పేజీల్లో ఉంది.

ముందు పక్కింటావిడ మాట పక్కన పెట్టండి. గాలీ కాదు, లోపల ఎవరూ లేరు. రెండు మనుషులుగా చీలిపోయే మానసిక జబ్బు కూడా మీరు రాసినదాన్నిబట్టి అనిపించడం లేదు, అది చూసి చెప్పాల్సింది మాత్రం డాక్టరే. మొక్కు పెట్టుకోవాలనిపిస్తే మీ ఊరి ఠాకురాణి అమ్మవారికి పెట్టుకోండి, నేను వద్దనను, వచ్చే యాత్రకి వేషం కట్టిస్తానని మొక్కుకోండి, కానీ ఆస్పత్రి చీటీ కూడా తీసుకోండి.

మన ఇళ్ళల్లో పిల్లలు పుట్టిన దగ్గర్నుంచీ రెండు మనుషులే కదమ్మా. 1936లో ఒరిస్సా విడిగా ఏర్పడింది, మనం ఇటుపక్క ఉండిపోయాం, అప్పటినుంచీ గడప లోపల తెలుగు, గడప దాటితే ఒడియా. నా క్లాసులో తెలుగు పిల్లలకి రిజిస్టర్‌లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు, ఇంటిపేరు ఒడియా స్పెల్లింగ్‌లో ఇంకోలా. ఒకే పిల్ల నా దగ్గరకొచ్చి ఒడియాలో మర్యాదగా "ఆజ్ఞా" అనేది, గేటు బయట వాళ్ళమ్మతో "ఏటే" అనేది, గొంతు కూడా మారిపోయేది. ఎవరూ తప్పనలేదు, తెలివైన పిల్ల అన్నాం. మీ బుజ్జికి గడప దాటగానే ఇంకో మనిషి అవ్వడం మీరూ నేనూ నేర్పిందే, అది దాన్ని ఇంకో నాలుగు అడుగులు ముందుకి తీసుకెళ్ళింది, అక్కడ వాడు దొరికాడు. వాడు లేకపోతే రియా అనేది ఒక పిల్ల సరదాగా పెట్టుకున్న పేరు, ఇలాంటి అకౌంట్లు చాలామంది పిల్లలకి ఉంటాయి, నాకు తెలిసిన ఒక పంతులుగారి అమ్మాయికి మూడున్నాయి.

రియాని మాయం చెయ్యమంటున్నారు. చెయ్యొచ్చు, ఫోను పగలగొడితే సాయంత్రానికి మాయమవుతుంది. కానీ ఏ రోజు ఎంత తీసుకుంటోంది, ఎవడు ఇస్తున్నాడు, ఎవరికి మోసింది, డబ్బు ఎంత బాకీ, వాడి దగ్గర దీని ఫోటోలు ఎలాంటివి ఉన్నాయి, ఇవన్నీ తెలిసింది రియాకి. బుజ్జికి ఇవేవీ తెలియవు. బుజ్జి పని ముగ్గు వెయ్యడం, మీకు నచ్చే జవాబు చెప్పడం. మీరు ఇంట్లోకి బుజ్జిని ఒక్కదాన్నే రానిస్తే, బుజ్జి మీకు చక్కగా "మానేశానమ్మా" అని చెప్తుంది, మీరు నమ్ముతారు, ఎందుకంటే ఎనిమిది నెలలు అలాగే నమ్మారు. మీకు కావాల్సింది నిజం చెప్పే పిల్ల. అది రియా.

కాబట్టి ఆ పేరు ఇంట్లో తిట్టులా వాడొద్దు. నీ వేషాలు, నీ రియా వేషాలు అని ఒక్కసారి అన్నా ఆ తలుపు మూసుకుంటుంది. బదులుగా, మిషన్ మీద ఏదో కుడుతూ, దాని మొహంలోకి చూడకుండా అడగండి, రియాకి ఏం ఇష్టం, రియాకి ఎవరైనా నిజమైన స్నేహితులు ఉన్నారా, రియా బీచ్‌కి ఎవరితో వెళ్ళింది, రియాకి భయం ఎప్పుడు వేసింది. ఒడియాలో చెప్తే ఒడియాలోనే వినండి, మీకు బజారు ఒడియా వచ్చు కదా, తప్పులు మాట్లాడండి, నవ్వినా నవ్వనివ్వండి. పిల్లలు కొన్ని మాటలు అమ్మ భాషలో చెప్పలేరు. తెలుగులో సిగ్గు ఎక్కువ, ఆ భాషలో దాన్ని ఎత్తుకున్నారు, జో కొట్టారు, అదే భాషలో ఈ మాటలు నోరు దాటి రావు.

సరే, దారులు.

ఇంట్లోనే గదిలో పెట్టి మాన్పించేద్దాం, ఎవరికీ తెలియక్కర్లేదు అనేది మీరు ఉత్తరంలో రాయలేదు గానీ మీ మనసులో ఉన్నది అదే, నాకు తెలుసు. ఏమవుతుందంటే మొదటిరోజు ఆదివారం జలుబు, రెండో మూడో రోజుకి అది పదింతలు, వాంతులు, విరేచనాలు, కాళ్ళు గోడకేసి కొట్టుకుంటుంది, మిమ్మల్ని నానా మాటలూ అంటుంది. నీళ్ళు పోకుండా ఓఆర్‌ఎస్ పట్టిస్తే చాలామంది వారం పది రోజుల్లో ఆ గండం దాటేస్తారు. అసలు ప్రమాదం దాటాకే. ఒంట్లోంచి పోయింది, కోరిక పోలేదు, నిద్ర పట్టదు, ఏదీ రుచించదు, నెలకో రెండు నెలలకో ఒకరోజు మళ్ళీ దొరుకుతుంది. పాత లెక్కలోనే తీసుకుంటుంది. ఒంటికేమో ఆ పాత లెక్క తట్టుకునే శక్తి ఇప్పుడు లేదు. ఈ మందుతో పోయేవాళ్ళలో ఇలా కొన్నాళ్ళు మానేసి మళ్ళీ ఒక్కసారి అనుకుని పోయినవాళ్ళు చాలామంది. తాళం వేసి మాన్పించడంలో ఉన్న చిక్కు అది, మానడం కాదు, మానాక.

అమ్మమ్మ దగ్గరికి పంపడం సగం మంచిది. వాడి కంటికి దూరం, ట్యూషన్ దారికి దూరం. కానీ అమ్మమ్మకి నిజం చెప్తేనే. చెప్పకుండా పంపితే ఆ ముసలావిడ కూడా కషాయమే పెడుతుంది. పైగా మందులు బరంపురంలో మొదలుపెట్టి వారం వారం రావాలంటే ఆ ప్రయాణం ఎవరు చేయిస్తారో చూసుకోవాలి. మందులు కుదురుకున్నాక రెండో మెట్టుగా పంపితే బాగుంటుందేమో అని నా ఆలోచన.

పెళ్ళి. దీనిమీద ఎక్కువ రాయను. పదహారేళ్ళ పిల్లకి పెళ్ళి చెయ్యడం 2006 చట్టం ప్రకారం నేరం, చేసినవాళ్ళ మీదా చేయించినవాళ్ళ మీదా కేసు. అది కాక, జబ్బుపడ్డ పిల్లని తెలియనివాళ్ళ ఇంట్లో పెట్టి చేతులు దులుపుకోవడం. మరిదిగారికి ఇంకో పని చెప్పండి.

సెంటర్. ఇక్కడ మా తమ్ముడి సంగతి. చాలా ఏళ్ళ కిందట వాడిని ఒక ఊళ్ళో ఒక సెంటర్‌లో పెట్టాం, ఊరు పేరూ చెప్పను, సెంటర్ పేరూ చెప్పను. మూడు నెలల డబ్బు ముందే కట్టించుకున్నారు, నలభై రోజులు చూడ్డానికి రానివ్వలేదు, మీరు కనిపిస్తే మనసు మారిపోతుంది అన్నారు, మేం కూడా అబ్బ పెద్ద భారం దిగింది అనుకుని హాయిగా ఉన్నాం, అదే నాకు ఇప్పటికీ సిగ్గు. వెళ్ళి చూస్తే చీలమండ చుట్టూ పుండు. గొలుసు. ఒక్క డాక్టరు రాలేదట ఆ నలభై రోజుల్లో. అన్నీ అలాంటివని కాదు, మంచివి ఉన్నాయి, ప్రభుత్వ సాయంతో నడిచేవి ఉన్నాయి, కానీ ఆడపిల్ల, పైగా మైనర్, కాబట్టి డబ్బు కట్టే ముందు మొహమాటపడకుండా అడగండి. మెంటల్ హెల్త్ చట్టం కింద రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తారా. సైకియాట్రిస్టు ఎవరు, ఏ రోజుల్లో వస్తారు. పద్దెనిమిది లోపు ఆడపిల్లలకి వేరే గది ఉందా. నేను పక్కన ఉండొచ్చా. 2017 నాటి ఆ చట్టం ప్రకారం మైనర్‌ని చేర్చుకోవాలంటే పెద్దవాళ్ళతో కలిపి ఉంచకూడదు, తల్లో గార్డియనో తోడుగా ఉండాలి, ముప్పై రోజులు దాటితే మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకి తెలియజెయ్యాలి. "అమ్మలు ఉండకూడదు" అన్నారంటే లేచి వచ్చెయ్యండి, బ్యాగు కూడా కింద పెట్టొద్దు.

ప్రభుత్వ ఆస్పత్రి. మీ ఊళ్ళోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, అందులో సైకియాట్రీ ఉంది. అక్కడ చూపించుకోవడం ఇష్టం లేక, తెలిసినవాళ్ళు కనిపిస్తారని అంటే వైజాగ్ చినవాల్తేరులో మానసిక వైద్యశాల ఉంది, రైలెక్కితే చాలు, కానీ ఇది ఒక్కరోజు పని కాదు, నెలల తరబడి తిరగాలి, దగ్గరున్నదే నిలుస్తుంది. ఏం చేస్తారంటే మూత్రం పరీక్ష, రక్తం పరీక్ష, సూది వాడిందా అని అడుగుతారు, మీరు బయటికెళ్ళి పిల్ల ఒక్కతే డాక్టర్‌తో మాట్లాడే వీలివ్వండి. ఆ ఆదివారం బాధల్ని తగ్గించే మందులున్నాయి. కొందరికి నాలుక కింద పెట్టే బిళ్ళ ఇస్తారు, బుప్రెనార్ఫిన్ అని, అది కోరికని కట్టేస్తుంది, ఊరికే పాత మత్తు బదులు కొత్త మత్తు అని కొట్టిపారేస్తారు మనవాళ్ళు, కాదు, దానితో చదువుకోవచ్చు, పనికి వెళ్ళొచ్చు. పదహారేళ్ళ పిల్లకి అదా ఇంకోటా, ఎంతకాలం అనేది డాక్టర్ తేల్చాలి. మెడికల్ షాపులో మీరంతట మీరు ఏదీ కొనొద్దు, ఆ బిళ్ళే వేళ తప్పి వేస్తే ఉన్న బాధ ఒక్కసారిగా రెట్టింపవుతుంది. ఈ దారిలో నష్టం ఏంటంటే వరసలో నిలబడాలి, ఒక్కోరోజు డాక్టర్ కసురుకుంటారు, మధ్యలో పిల్ల ఒకటి రెండుసార్లు జారొచ్చు. జారితే చికిత్స పనిచెయ్యలేదని కాదు, వెంటనే తీసుకెళ్ళి చెప్పాలని.

పోలీసులు వస్తారా అని మీరు ఐదుసార్లు అడిగారు. మత్తు వాడటం చట్టంలో నేరమే. కానీ 1985 నాటి ఆ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది, మానుకుంటానని తనంతట తానే ప్రభుత్వ ఆస్పత్రికో, ప్రభుత్వం గుర్తించిన చోటికో చికిత్సకి వెళ్ళినవాళ్ళని వాడకం గురించీ కొద్దిపాటి మోతాదు గురించీ శిక్షించకుండా కాపాడేది, చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. రోగి సంగతులు డాక్టర్ బయటపెట్టకూడదు. ఒక్క విషయం మాత్రం ముందే తెలుసుకోండి, వాడు గానీ ఇంకెవడైనా గానీ పిల్లతో తప్పుగా ప్రవర్తించాడని తేలితే, పోక్సో చట్టం ప్రకారం ఆస్పత్రివాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. దానికి భయపడి పిల్లని అక్కడ నోరు మూసుకోమని మాత్రం అనొద్దు.

ఇక ఆ అన్న. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా తొందరగా తేల్చాల్సింది అనిపించింది ఈ పొట్లాలు మోసే సంగతి. వాడుకునే పిల్లకి 64ఏ ఉంది, మోసే పిల్లకి పరిస్థితి అంత సులువు కాదు, పట్టుబడితే పద్దెనిమిది లోపు కాబట్టి జువెనైల్ బోర్డు ముందుకి వెళ్తుంది, జైలుకి కాదు, కానీ తిరుగుడు మాత్రం తప్పదు. వాడికేమో పిల్లకి మత్తు ఇచ్చినందుకు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 77 సెక్షన్, పిల్ల చేత మోయించినందుకు 78, ఒక్కోదానికి ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా. అంటే చట్టం కళ్ళకి మీ పిల్ల ముందు బాధితురాలు. వాడి దగ్గరికి మీరు వెళ్ళి చెప్పుతో కొట్టాలని ఉందని రాశారు, నాకూ ఉంది, కానీ వెళ్ళొద్దు. మరిదినీ పంపొద్దు. వాడి వెనక ఇంకొకడుంటాడు, బాకీ అంటాడు, ఫోటోలు బయటపెడతానంటాడు. ఆ రెండో ఫోనులో ఉన్నది ఏదీ చెరపకుండా తీసి దాచండి, నంబర్లు, మెసేజీలు, డబ్బులు పంపిన లెక్కలు. కంప్లైంట్ ఇప్పుడే ఇస్తే వాడు ఆగుతాడు గానీ పిల్ల సాక్ష్యం చెప్పాల్సి వస్తుంది, ఇంకా వణుకుతున్న పిల్ల. కొన్ని వారాలు ఆగి ఇస్తే పిల్ల నిలదొక్కుకుంటుంది, వాడు ఆ లోపు ఇంకో పిల్లని పట్టుకోవచ్చు. రెండిటికీ బరువుంది, తేలిక దారి లేదు. 1098 కి ఫోన్ చేసి పేరు చెప్పకుండానే సలహా అడగొచ్చు, అది పిల్లల కోసం ఉన్న లైన్. బెదిరింపు వచ్చిన క్షణం మాత్రం ఆగొద్దు. పొట్లం మొయ్యడం ఈ రోజుతో ఆఖరు, ఇందులో బేరం లేదు, ట్యూషన్ మానిపించండి, ఏడాది పోయినా పోనివ్వండి, ప్లస్ టూ మళ్ళీ రాసుకోవచ్చు.

వాళ్ళ నాన్నకి చెప్పాలా. చెప్పాలి అనే అనుకుంటున్నాను, కొట్టే మనిషి కాదని మీరే రాశారు, గట్టిగా అరుస్తారు అన్నారు, అరిచి ఊరుకునే మనిషికి దాచడం అన్యాయం, ఆయన అక్కడ రాత్రి షిఫ్టులు చేస్తోంది ఈ పిల్ల కోసమే. కానీ పిల్లకి తెలియకుండా దాని వెనక చెప్పొద్దు. చెప్పాలా వద్దా అని దాన్ని అడగకండి, ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అని అడగండి. నేను చెప్పనా నువ్వు చెప్తావా, డాక్టర్ని కలిసే ముందా తర్వాతా. డాక్టర్ని కలిశాక చెప్తే ఆయనకి ఒక్క దెబ్బతో పాటు ఒక దారి కూడా వినబడుతుంది, ఫోన్‌లో కాకుండా ఆయన వచ్చినప్పుడు చెప్తే ఇంకా మంచిది గానీ దసరా దాకా ఆగే పరిస్థితి లేదు. మరిది నోటినుంచి ఆయనకి తెలియడం అన్నిటికన్నా చెడ్డది, అందుకే రేపే మరిదితో మాట్లాడి వారం రోజులు గడువు అడగండి.

చెవి దుద్దుల గురించి ఇప్పుడు అడగకండి, పోయినవి పోయాయి. డబ్బు మాత్రం కొన్నాళ్ళు జాకెట్ల డబ్బాలో ఉంచకండి, నమ్మకం లేక కాదు, దాని చేతికి పరీక్ష పెట్టకుండా ఉండటానికి, ఆ మాట దానికి చెప్పే తీసేయండి.

మీరు అడగలేదు గానీ మీ సంగతి కూడా ఒకటి. నాలుగు రాత్రులు నిద్రపోకుండా రాశారు. మత్తు మానే పిల్ల పక్కన ఉండే మనిషికి నిద్ర కావాలి. 14446 అని మత్తు మానడానికి ప్రభుత్వం పెట్టిన నంబరు, ఇంట్లోవాళ్ళు కూడా మాట్లాడొచ్చు, మీ కోసమే చెయ్యండి. పిల్లని అమ్మమ్మ దగ్గరికి పంపేకన్నా ఆవిడనే పదిహేను రోజులు ఇక్కడికి రప్పించుకోలేరా, ఆలోచించండి, ఒకరు పడుకుంటే ఒకరు మేలుకోవచ్చు.

సోమవారం పొద్దున్నే వెళ్ళండి, ఎందుకంటే ఆదివారం బాధ అప్పటికి ఇంకా ఒంట్లో ఉంటుంది, డాక్టర్‌కి చెప్పడానికి పిల్లకి వేరే మాటలు అక్కర్లేదు. ఆధార్, ఒక టవలు, ప్లాస్టిక్ కవర్లు వాంతికి, ఓఆర్‌ఎస్ కలిపిన సీసా. రేకులు చేత పట్టుకుని వెళ్ళొద్దు, ఫోటో చాలు. చీటీ మీద అసలు పేరు రాయించండి, లోపల డాక్టర్ అడిగితే రెండో పేరు కూడా చెప్పుకోనివ్వండి. ఆ అతుకు టాపే వేసుకుని వస్తానంటే వేసుకోనివ్వండి. జుట్టు విరబోసుకున్నా సరే, బస్సులో కిటికీ పక్క సీటు దానికివ్వండి, ఆ సమయంలో గాలి తగలకపోతే ఉండలేరు.